పరిశోధకునకు సంఖ్య యేల?

పరిశోధన వృత్తిగా గైకొన్నవారు తమ పేరునకు తోడుగా నొక శాశ్వతమైన సంఖ్యను పొందవలెనని నేడు లోకమంతటను గోరుచున్నారు. వ్యాసము పంపినచో పెక్కు పత్రికలవారు పేరుతోపాటు ఆ సంఖ్యను గూడ నడుగుచున్నారు. దానికి ఆర్కిడ్ అని పేరు. చెవికి పువ్వు పేరువలె వినబడును గాని, పరిశోధకుల బహిరంగ గుర్తింపు అను నర్థమిచ్చు ఆంగ్లపదముల తొలి యక్షరముల కూర్పు మాత్రమే యది. మన ప్రాంతపు విద్యాధికులలో కొందఱు దీనిని జూచి ముక్కు విఱుచుచున్నారు. పండితుడు ఖైదీయా, సంఖ్య పెట్టి పిలుచుటకు అని యొకరు. వ్రాత మంచిదైనచో పేరు దానంతట నదే నిలుచునని మఱియొకరు. మిగిలినవారు, వీరే యెక్కువమంది, ఏమియు ననక, గుమాస్తాచేత నొక సంఖ్య తీయించి దరఖాస్తులో నింపి మఱునాటికి మఱచిపోవుచున్నారు. ఈ మూడు తెగలవారును పొరపడుచున్నారు. అందు మూడవ తెగవారి వలననే యెక్కువ హాని.

నేను పరిశోధకుడను గాను, బడిపంతులును. ఐనను ఈ విషయమున మాటలాడుటకు బడిపంతులకే మొదటి యధికారము గలదు. పదవ తరగతి పరీక్షకు బోవు పిల్లల నామినల్ రోల్సు నింపువారము మేమే. లక్ష్మి యను పేరులోని 'క్ష'ను మూడు ఇంగ్లీషు అక్షరములతో వ్రాయుటయా, ఎక్స్ అను నొక్క యక్షరముతో సరిపెట్టుటయా యనునది ఆ దినమున బడిలోనే తేలిపోవును. మా తెలంగాణమున ఎక్స్‌కే వాడుక యెక్కువ. ఇంటిపేరు నిండుగ నుండుటయా, పొడి యక్షరముగ నుండుటయా యనునదియు నప్పుడే. మార్కుల మెమోలో నొకసారి పడిన యక్షరములు డాక్టరేటు పట్టా దాక వెంటవచ్చును. ఆధారులో నింకొక తీరు, బ్యాంకు పుస్తకములో మఱియొక తీరు చేరును. మా యూరి పేరే చూడుడు. మేము నల్లగొండ యందుము; ఇంగ్లీషు కాగితములలో నది చిరకాలముగా నల్గొండ. ఊరు కదలదు గనుక చిక్కు లేదు. మనిషి కదలును. కొలువు మార్చును, దేశము విడుచును, వివాహమాడును. అతని వ్రాతలు మాత్రము వెనుక నెక్కడెక్కడనో చెదరి యుండును.

మన తెలుగుపేరునకు ఇంటిపేరు తల, పాశ్చాత్యులకు తోక. ఈ తేడా యెంత దూరము పోయినదో మూడు పేర్ల వలన దెలియగలదు. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు అమెరికాకు బోయి, హార్వర్డులో ఫిస్కె అను విద్వాంసునితో గూడి, రంగును బట్టి భాస్వరమును గొలుచు విధానమును 1925లో ప్రకటించెను. అది నేటికిని ఆ యిరువుర పేరనే పిలువబడుచున్నది. అందు యెల్లాప్రగడ 'వై' అను నొక్క యక్షరమునకు గుదించుకొనిపోయినది. సుబ్బారావు అనునది పాశ్చాత్యుల లెక్కలో ఇంటిపేరైనది. దానినైనను ఒకరు కలిపియు, ఒకరు విడదీసియు వ్రాసిరి. ఇక గణాంకశాస్త్రమున జగత్ప్రసిద్ధుడైన కలియంపూడి రాధాకృష్ణారావు సంగతి. 1945లో కలకత్తా గణితసంఘపు పత్రికలో నతడు ప్రకటించిన వ్యాసము నుండి పుట్టిన సిద్ధాంతములకు క్రామర్-రావు అనియు, రావు-బ్లాక్‌వెల్ అనియు పేర్లు. 2023లో నూట రెండేండ్ల వయసున నా మహనీయుడు గతించెను. కలియంపూడియు పోయినది, రాధాకృష్ణయు పోయినది, మిగిలినది రావు. మన యూరి సంతలో రావుగారూ అని కేకవేసినచో నెందఱు వెనుదిరిగి చూతురో చదువరులే యూహించుకొనవచ్చును. మూడవ పేరు మా జిల్లాకు సంబంధించినది. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి నీటిని తేర్చి వడగట్టి ఫ్లోరైడును తగ్గించు విధానమును నాగపూరులోని 'నీరి' సంస్థవారు రూపొందించి, దానికి నల్లగొండ పద్ధతి యని పేరిడిరి. 1975లో దానిని వివరించిన వ్యాసకర్తలలో నొకరు బులుసు వారు. అచ్చట ఇంటిపేరు తోక స్థానమునకు జరిగి నిండుగా నిలిచినది. ముగ్గురికి మూడు దారులు. గ్రంథసూచి చేయువాడు తెలుగువాడైన నేమి, జర్మనుడైన నేమి, ఏది ఇంటిపేరో యేది సొంతపేరో పేరును జూచి చెప్పలేడు.

పై ముగ్గురికిని లోపమేమి, లోకము వారి నెఱుగునుగదా యని మీరనవచ్చును. నిజమే. గొప్పవారి పేరును కాలము కాపాడినది. మూసీ యొడ్డు గ్రామముల నీటిని గుఱించియో, పాలమూరు వలసకూలీలను గుఱించియో అయిదేండ్లు శ్రమపడి రెండు వ్యాసములు వ్రాసిన పిల్లవాని పేరును కాపాడునది యెవరు? వాడు రెడ్డి యైనచో, తొలి యక్షరము ఎస్ అయినచో, ఆ పట్టికలో వానివంటివారు లెక్కకు మిక్కిలి. వారిలో గుండెజబ్బుల వైద్యుడుండును, వరి వంగడముల శాస్త్రజ్ఞుడుండును, ఉక్కు నిపుణుడుండును. యంత్రము వారిని గలిపి యొక మహాపండితుని సృష్టింపవచ్చును. లేక మన పిల్లవానినే ముగ్గురుగా చీల్పవచ్చును. కొలువు నిచ్చు సంఘమువారు ఆ పట్టికనే తెఱచి చూతురు. ఇది తెలుగువారికే వచ్చిన యాపద గాదు. కొరియా దేశమున అయిదుగురిలో నొకరి యింటిపేరు కిమ్. మా జిల్లా ఫ్లోరోసిస్ వ్యాధిని గుఱించి 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నలులో వ్రాసిన వైద్యుని పేరు సిద్దిఖీ. ఆ పేరుగల వైద్యులు హైదరాబాదు నుండి లండను దాక నెందఱు లేరు? నల్లగొండ పేరు వ్యాధి వలనను, విరుగుడు వలనను లోకమునకు దెలిసినది. ఆ వ్యాధిని పరిశీలించినవారిని, ఆ విరుగుడు కనిపెట్టినవారిని పేరు పెట్టి పిలువగలవారు మా జిల్లాలోనే అరుదు.

వ్రాత మంచిదైనచో పేరు నిలుచునను వారికి సంస్కృతము చదివినవాడనుగా నొక మనవి. మా జిల్లా సరిహద్దున కృష్ణకు గట్టిన గొప్ప యానకట్టకు నాగార్జునుని పేరు. ఏ నాగార్జునుడు? శూన్యవాదమును స్థాపించిన మాధ్యమికాచార్యుడొకడు. శతాబ్దముల తరువాత పాదరసముతో బంగారము చేయబూనిన రససిద్ధుడొకడు. వైద్యగ్రంథములకు గర్తగా జెప్పబడు నాగార్జునుడు వీరిలో నెవరో, వేఱొకడో నిర్ధారణ లేదు. టిబెట్టువారి గాథలు వీరినందఱిని నొక్కనిగా ముద్దచేసి, చిక్కు విడిపోవుటకు ఆఱువందలేండ్ల యాయుష్షు నిచ్చినవి! కాళిదాసులు మువ్వురని చాలకాలము క్రిందటనే రాజశేఖరుని పేర నొక మాట వాడుకలోనికి వచ్చినది. పోతన బమ్మెరవాడా, ఒంటిమిట్టవాడా యని రెండు సీమలవారు ఎంత సిరా ఖర్చుచేసిరో యీ పత్రిక చదువరులకు జెప్పనక్కఱలేదు. ఆ సిరాతో పోతన కవిత్వమును గుఱించి యెన్ని మంచి గ్రంథములు వ్రాయవచ్చునో! వీరందఱి వ్రాత మంచిది కాదని యెవరందురు? వ్రాత నిలిచినది, వ్రాసినవాడు కలగాపులగమైనాడు. నిలుచుట వేఱు, ఎవరిదో తెలియుట వేఱు.

ఇక ఆ సంఖ్య యెట్టిదో చెప్పెదను. 2012 అక్టోబరులో నీ పట్టికను తెఱచిరి. నడుపునది లాభాపేక్ష లేని సంస్థ. సభ్యత్వము గైకొన్న విద్యాలయములు, ప్రచురణకర్తలు ఇచ్చు చందాలపై నడచుచున్నది. పరిశోధకుడు పైస యియ్యనక్కఱలేదు. సంఖ్యలో పదునాఱు స్థానములు, నాలుగేసి చొప్పున నాలుగు గుంపులు. పదునాఱవ స్థానము కాపలావాడు. ముందున్న పదునైదంకెలను ఒక నియమము చొప్పున రెట్టించి, కూడి, పదునొకటిచే భాగించి, శేషము నుండి యా చివరి గుర్తును రాబట్టుదురు. ఫలము పది యైనచో నొక్క స్థానమున రెండంకెలు పట్టవు గనుక ఎక్స్ అను నక్షరమును వేయుదురు. మధ్య నొక యంకె పొరపాటున మాఱినచో చివరి గుర్తుతో పొసగదు, తప్పు పట్టుబడును. మా యెనిమిదవ తరగతి పిల్లలకు శేషముల లెక్క చెప్పునపుడు దీనిని జూపినచో, లెక్క లెందుకు పనికివచ్చునని యడుగు పిల్లలు గూడ చెవియొగ్గుదురు. వ్యాసము అచ్చగునపుడు సంఖ్యను జతపఱచినచో, మన యనుమతితో ఆ వ్యాసపు వివరము మన పట్టికలోనికి దానంతట నదే వచ్చి చేరును. 2015 నుండి యీ సౌకర్యము గలదు. లండనులోని రాయల్ సొసైటీవారు 2016 నుండి తమ పత్రికలకు వ్యాసము పంపువారు ఈ సంఖ్యను విధిగా నియ్యవలెనని నియమించిరి. తరువాత నా దారిని బట్టినవారు పెక్కుమంది.

ఖైదీ సంఖ్య యను వారి మాట రోషముతో గూడినది, కాని యాలోచనతో గూడినది కాదు. ఖైదీకి సంఖ్య నిచ్చువాడు జైలరు; ఇచ్చట సంఖ్యను గైకొనువాడు మనిషి తానే. వ్రేలిముద్ర అడుగరు. తండ్రి పేరడుగరు. కులమడుగరు. పేరును, ఈ-మెయిలును ఇచ్చిన జాలును. తక్కిన వివరములలో నేది లోకమునకు గనబడవలెనో, ఏది నమ్మినవారికి మాత్రమే గనబడవలెనో, ఏది తనకే యుండవలెనో నిర్ణయించుట గూడ నతని చేతిలోనిదే. అంకెలలో ఊరు లేదు, దేశము లేదు, పుట్టిన యేడు లేదు. మన పూర్వుల గుర్తింపు పద్ధతి దీనికి దలక్రిందులు. పెద్దలకు నమస్కరించు బ్రాహ్మణ బాలుడు ఋషులను, గోత్రమును, సూత్రమును, శాఖను జెప్పి, ఆ వరుస చివరను తన పేరు చెప్పుకొనవలెను. వాడేమి చదివెనో, ఏమి చేసెనో ప్రవరలో నుండదు. ఎవరికి బుట్టెనో యుండును. నేటి మన పేర్ల చివరనున్న రెడ్డి, శర్మ, గౌడ్ అను మాటలు చేయు పనియు నదియే. పేరు చదివిన క్షణముననే యెదుటివాడు కులమును పసిగట్టి, ఆ తరువాత వ్యాసమును జదువును. ఒక్కొక్కప్పుడు చదువనే చదువడు. పేరు లేకుండ సంఖ్య యుండదు, నిజమే. సంఖ్య వచ్చినంత మాత్రమున కులము పోదు. కాని యీ దేశమున బుట్టుకను గాక పనిని మాత్రమే వెంట దీసికొనిపోవు గుర్తు వేఱొకటి యున్నచో నాకు జూపుడు. దానిని జూచి పండితులు గౌరవభంగమని యలుగుట వింత. ఎవరి పేర్లు ఇదివఱకే భద్రముగ నున్నవో వారి నోటనే యీ మాట తఱచుగా వినుచున్నాను.

స్త్రీల సంగతి మఱింత గట్టిది. ఒక బాలిక దేవరకొండ తాలూకా నుండి వచ్చి రసాయనశాస్త్రమున పరిశోధన చేసినదనుకొందము. ఇరువదియాఱవ యేట రెండు వ్యాసములు పుట్టింటి యింటిపేరుతో నచ్చయినవి. ఇరువదియేడవ యేట వివాహము. అత్తవారి యింటిపేరు రేషను కార్డులో చేరును, ఆధారులో చేరును. భర్త పట్టుబట్టినచో వ్యాసములలోను చేరును. తరువాతి మూడు వ్యాసములు క్రొత్త మనిషివి. యంత్రమునకు మొదటి యామె ఇరువదియాఱవ యేట విద్యను విడిచిపెట్టినది. రెండవ యామె యెక్కడ జదివెనో తెలియదు. అయిదు వ్యాసముల విదుషి, రెండు మూడుగా చీలి, రెండు చోట్లను తక్కువైనది. పెండ్లి వలన మగవాని వ్రాతలో నొక్కటియైనను తగ్గినట్లు వింటిమా? ఇంటిపేరు మార్చుకొనకుమని యామెకు జెప్పుట మంచిదే. సంఘసంస్కర్తలు నూఱేండ్లుగా నింతకంటె గట్టి మాటలు చెప్పిరి, సంఘము తన దారిని తాను బోయినది. సంస్కారము వచ్చు దాక నామె శ్రమ వేచియుండవలెనా? సంఖ్య మాఱదు. దాని క్రింద పాతపేరును, క్రొత్తపేరును గూడ నితర నామములుగా వ్రాసికొనవచ్చును. పాతపేరు నెవరికిని జూపదలపనిచో, విడిపోయిన భర్త యింటిపేరు వంటిదైనచో, దానిని దాచియు నుంచవచ్చును; వ్రాతలు మాత్రము చెదరవు. తమ కూతుళ్ల చదువుకై పొలములమ్మిన తండ్రులు మా ప్రాంతమున గలరు. వారి యింటనున్న విద్యావతి, కాన్పునకు ముందో వెనుకనో, ఒక గంట తీరిక చేసికొని యీ పని చేసికొన్నచో, ఆ పొలము వృథాగా బోలేదనుటకు నొక చిన్న దాఖలా యగును.

ఇక మూడవ తెగవారు. విద్యాలయములకు మార్కులు వేయు తనిఖీ సంఘములు వచ్చుట మొదలైనప్పటి నుండి మనవారికి కాగితము నింపుటయే విద్య యైనది. నేనెఱిగిన యొక కళాశాలలో తనిఖీ వారమున నొక్క సాయంకాలమున నధ్యాపకులందఱకును సంఖ్యలు పుట్టినవి. పాస్‌వర్డులన్నియు నొకే నోటు పుస్తకములో, గుమాస్తా బల్లసొరుగులో. కొందఱకు ముందే సంఖ్యలుండెను. ఇప్పుడు రెండేసి యైనవి. మనిషి నొక్కనిగా జూపుటకు బుట్టిన సాధనముతోనే మనిషిని రెండుగా జేసిన నేర్పు మనది! పిమ్మట ఆ సంఖ్యలను దెఱచి చూచిన వారెవరు? లోపల వ్యాసము లేదు, చదువు లేదు, చేసిన పని లేదు; పేరొక్కటి, అదియు గుమాస్తాకు దోచిన యక్షరక్రమముతో. కళాశాల యిచ్చిన ఈ-మెయిలుతోనే ఖాతా తెఱచుటవలన, కొలువు మాఱిననాడు ఆ ఈ-మెయిలు మూతపడును, తన సంఖ్యకు తానే బయటివాడగును. ఎవని ఖాతాను వాడే తెఱువవలెనని ఆ సంస్థవారి నియమమే చెప్పుచున్నది. ఒకనికి మాఱుగా నింకొకడు పరీక్ష వ్రాసినచో మనము డిబారు చేయుదుము. ఒకని గుర్తింపును ఇంకొకడు చేసిపెట్టినచో దానిని సేవ యనుచున్నాము.

ఇంతవఱకు దీనిని బొగడితిని గనుక దీనికి లేని గుణమును నంటగట్టువారిని గూడ హెచ్చరింపవలెను. ఈ సంఖ్య యోగ్యతాపత్రము గాదు. సొమ్ము గైకొని యే చెత్తనైనను అచ్చువేయు పత్రికలలో పది వ్యాసములు వేయించుకొన్నవాడు ఆ పదింటిని ఇందులో నిక్షేపముగా చేర్చుకొనవచ్చును. చాలవఱకు మన వివరము మనమే వ్రాసికొనునది; అబద్ధము వ్రాయువాని చేయి పట్టుకొనువాడు లేడు. తలుపు మీది పేరు పలక ఇంటిలోనివాడు మంచివాడని చెప్పదు, ఇల్లు వానిదని చెప్పును. అంతియే. సంఖ్యను లెక్కించి పదోన్నతు లిచ్చుట మొదలుపెట్టినచో నది మఱియొక తనిఖీ యగును, మఱియొక నోటు పుస్తకము సొరుగులో జేరును. చదివి తీర్పు చెప్పు బాధ్యతనుండి యాచార్యులను తప్పించుటకు ఏ యంకెయు పుట్టలేదు.

పట్టిక విలువ యేమిటో మా పాలమూరువారికి క్రొత్తగా నేర్పనక్కఱలేదు. తెలంగాణమున కవులు లేరను మాట వచ్చినప్పుడు, ఆ జిల్లావాడైన సురవరము ప్రతాపరెడ్డి వాదముతో గాక పేర్లతో బదులు చెప్పెను. 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచికలో మున్నూటయేబదినలుగురు కవులున్నారు. అందఱును మహాకవులని యాయన యనలేదు. ఉన్నారని మాత్రమే చూపించెను. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము 2007లోను, మహబూబునగరున పాలమూరు విశ్వవిద్యాలయము 2008లోను నేర్పడినవి. అచ్చట బరిశోధన యేముండునను పెదవివిఱుపు హైదరాబాదువారి నోట నేడును వినుచున్నాము. దానికి సంపాదకీయములతో బదులు చెప్పి లాభము లేదు. ప్రతివాడును తన పేర, తన సంఖ్య క్రింద, తాను చేసిన పనిని నిలుపవలెను. గుజరాతులోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థవారు నడుపు 'విద్వాన్' అను మన దేశీయ పట్టికయు నున్నది. ఒకటి యున్నచో రెండవది వలదనుట లేదు.

ఇందు తెలుగున బరిశోధన చేయువారికి ప్రత్యేకముగా నొక మాట. ఇంగ్లీషు పత్రికలలోని వ్యాసములు యంత్రము ద్వారా వచ్చి పట్టికలో జేరును. మన తెలుగు పత్రికలలో పెక్కింటి వ్యాసములకు వాని సొంత సంఖ్యలు లేవు గనుక నట్లు రావు. చేతితో చేర్చుకొనవలెను. చేర్చుకొనుటకు వీలున్నది: వ్యాసనామమును తెలుగు లిపిలోనే వ్రాసి, ప్రక్కన అనువాదమును ఇయ్యవచ్చును. శాసనములపై, బతుకమ్మ పాటలపై, వీథిబాగోతములపై ఇరువదేండ్లు కృషిచేసినవారి పట్టిక ఖాళీగా నుండి, ఆంగ్లమున రెండు పుటలు వ్రాసినవాని పట్టిక నిండుగా నుండుట మన యలసత్వము వలన గలిగిన యన్యాయము. తన పేరును గూడ ఇతర నామములలో తెలుగు లిపిలో వ్రాసికొనవలెను. 'క్ష'కు మూడక్షరములా, ఒకటా యను తగవు అచ్చట లేదు.

కాబట్టి యీ రెండు విశ్వవిద్యాలయముల యధికారులను నేను గోరునది పెద్దపని గాదు. పరిశోధక విద్యార్థి ప్రవేశము పొందిన వారములోనే, మొదటి వ్యాసము వ్రాయక మునుపే, గ్రంథాలయమున నొక గంట కూర్చుండబెట్టుడు. వాని ఫోనులో, వాని సొంత ఈ-మెయిలుతో, వాని వ్రేళ్లతోనే ఖాతా తెఱువనిండు. పుట్టింటి పేరు, అత్తింటి పేరు, పొడి యక్షరముల పేరు, తెలుగు పేరు అన్నియు వ్రాయించుడు. ఇదివఱకే సంఖ్య గలదేమో మొదట వెదకించుడు. రెండున్నచో నొకదానిని రద్దుచేయించి మిగిలినదానిలో గలిపించుడు. ఆఫీసువారు సంఖ్యను మాత్రము వ్రాసికొనవచ్చును. పాస్‌వర్డు నడిగినచో, అడిగినవాడు గుమాస్తా యైనను, మార్గదర్శకుడైన ఆచార్యుడే యైనను, ఇయ్యనని చెప్పుట గూడ నా గంటలోనే నేర్పుడు.